ఆమె బస్సు మార్చుకుంది

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక ఊరు. నాకు 21 ఏళ్లు, డిగ్రీ చివరి సంవత్సరం. మా నాన్న ఇరవై ఏళ్లుగా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్లలో పనిచేస్తున్నాడు. వల లాగే పని కాదు, బోటులో వంట. 'తండేల్' (బోటు నడిపించే పెద్దని అలా అంటారు) సినిమా వచ్చినప్పుడు మనవాళ్ల గురించి తీశారని ఫ్రెండ్సందరం శ్రీకాకుళం వెళ్లి చూశాం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒకడు, "తండేల్ కొడుకువైతే కాలరెగరేసుకోవచ్చు, నువ్వు గరిటె తిప్పీవోడి కొడుకువి కదరా" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. నాన్న ఇంటికొచ్చినప్పుడు వంట చేస్తాడు, అమ్మ చీరలు కూడా ఉతికి పిండి వీధివైపు దండెం మీద ఆరేస్తాడు. పోయిన జూన్‌లో "అందరి ముందూ అలా చెయ్యకు నాన్నా, పరువు పోతోంది" అన్నాను. ఆయనేమీ అనలేదు. మర్నాటి నుంచి పెరట్లో ఆరేశాడు.

ఇంకో సంగతి. మా క్లాసులో ఒకమ్మాయి అంటే నాకు ఇష్టం. రెండు నెలల కిందట చెప్పాను. "నాకలాంటి ఉద్దేశం లేదు, ఇంకెప్పుడూ అడగొద్దు" అంది. ఫ్రెండ్స్ మాత్రం "ఏ సినిమాలో హీరోయిన్ మొదట్లోనే ఒప్పుకుందిరా? మగాడివైతే వదలకూడదు" అంటున్నారు. గడ్డం పెంచాను, జిమ్‌కి వెళ్తున్నాను. మూడు వారాలు ఆమె ఎక్కే బస్సు వెనకే బైక్ మీద వాళ్ల ఊరి మలుపు దాకా వెళ్లాను. పలకరించలేదు, ఏమీ అనలేదు. ఇప్పుడామె చివరి పీరియడ్ వదిలేసి ముందు బస్సుకి వెళ్లిపోతోంది. నేను వదిలేస్తే ఓడిపోయినట్టేనా? నాలో మగతనం తక్కువేమో అనిపిస్తోంది. ఏం చెయ్యమంటారు?

సమాధానం: బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకచోటే ఆగిపోయాను. ఆమె చివరి పీరియడ్ వదిలేసి వెళ్లిపోతోందని రాశావు చూడు, అక్కడ. నువ్వు దాన్ని ఒక్క ముక్కలో చెప్పేసి నీ గెలుపోటముల దగ్గరికి వెళ్లిపోయావు. ఆ అమ్మాయి రోజూ ఒక పాఠం పోగొట్టుకుంటోంది. డిగ్రీ చివరి సంవత్సరంలో. నీ వల్ల.

ముందు ఒకమాట సూటిగా చెప్పేస్తాను. ఆ బస్సు వెనక వెళ్లడం ఇవాళే మానెయ్. రేపటి నుంచి కాదు, ఇవాళే. తర్వాత మిగతాది మాట్లాడుకుందాం.

నేను పుట్టి పెరిగింది విజయనగరంలో. 1986లో ఇంటర్ చదువుతూ, సాయంత్రాలు సంగీతం నేర్చుకోవడానికి మూడు లాంతర్ల కూడలి మీదుగా నడిచి వెళ్లేదాన్ని. ఒకబ్బాయి సైకిల్ మీద వెనకే వచ్చేవాడు. నడిచే మనిషి వెనక అంత నెమ్మదిగా సైకిల్ తొక్కడం కష్టం కదా, అందుకని మధ్యమధ్యలో కాలు కింద ఆనించేవాడు. ఆ చెప్పు రోడ్డుకి రాసుకునే చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. అతను ఒక్కమాట అనలేదు. చెయ్యి వెయ్యలేదు, చీటీ ఇవ్వలేదు. నువ్వు రాసినట్టే, ఏమీ అనలేదు.

నేను వెనక్కి తిరిగి చూస్తే ఇష్టపడ్డాననుకుంటాడు. చూడకపోతే సిగ్గుపడ్డాననుకుంటాడు. గబగబా నడిస్తే బెట్టు చేస్తున్నాననుకుంటాడు. ఎలా నడవాలో తెలిసేది కాదు. గంటస్తంభం వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టాను, రెండోరోజుకే అక్కడికీ వచ్చాడు. నెల తిరగకుండా ఎవరో మా నాన్నగారి చెవిన వేశారు, "మీ అమ్మాయి వెనక ఎవడో తిరుగుతున్నాడండీ" అని. నాన్నగారు ఆ అబ్బాయిని ఏమీ అనలేదు. నా సంగీతం మాన్పించారు. అప్పటికి వర్ణాల దాకా వచ్చాను. కీర్తనలు మొదలుపెట్టాల్సిన వారం అది.

ఆ అబ్బాయి దుర్మార్గుడని నేను అనుకోవడం లేదు. ఇప్పుడు మనవల్ని ఎత్తుకునే వయసు వచ్చి ఉంటుంది. "ఒకమ్మాయి వెనక తిరిగేవాణ్ణిరా, ఉన్నట్టుండి కనిపించడం మానేసింది" అని ఎక్కడో కూర్చుని తియ్యగా చెప్పుకుంటున్నాడేమో కూడా. అతని కథలో అది ప్రేమ. నా కథలో అది ఆగిపోయిన సంగీతం. నలభై ఏళ్లయినా ఆ రెండు కథలూ ఒకటి కాలేదు.

సినిమాలో మనకి కనిపించేది ఎప్పుడూ సైకిల్ మీద ఉన్నవాడి కథే. ఎందుకో ఆలోచించావా? కెమెరా అతని పక్కన ఉంటుంది కాబట్టి. నువ్వు 21 ఏళ్లవాడివి, ఇది తెలుసుకోవాల్సిన వయసే, కాబట్టి కొంచెం విడమరిచి చెప్తాను. తెర మీద బొమ్మ సెకనుకి 24 ఫ్రేములతో నడుస్తుంది. హీరో నడిచొచ్చే షాట్ సెకనుకి 96 ఫ్రేములతో తీసి, అదే 24 వేగంతో చూపిస్తే ఒక సెకను నడక నాలుగు సెకన్లు సాగుతుంది. కెమెరాని మోకాలి ఎత్తులో పెట్టి పైకి చూపిస్తారు. వెనక డ్రమ్స్. చొక్కా ఎగరడానికి పక్కన ఫ్యాను. అంతమంది కలిసి పనిచేస్తే ఆ నాలుగు సెకన్ల మగతనం తయారవుతుంది. నీ బైక్‌కి అవేవీ లేవు. బస్సు వెనక కిటికీలోంచి ఆ అమ్మాయికి మూడు వారాలు కనిపించింది ఒక హెడ్‌లైట్, అంతే. అది ఎప్పుడు ఆగుతుందో, ఏ మలుపులో దగ్గరికొస్తుందో తెలియని హెడ్‌లైట్.

ఒక పని చెయ్యి. నీకు బాగా నచ్చిన వెంటపడే సీను ఏదైనా ఫోన్లో పెట్టు. సౌండ్ పూర్తిగా తీసెయ్. హీరోని వదిలేసి ఆ అమ్మాయినే చూడు. ఆమె భుజాలు, బ్యాగు పట్టుకున్న చెయ్యి, అడుగుల వేగం. పాట లేకుండా చూస్తే అది ప్రేమకథో క్రైమ్ సినిమానో చెప్పడం కష్టమవుతుంది. నేను మా మేనల్లుడితో ఈ పని చేయించాను. వాడు ఆ సీను సగంలో ఆపేసి, "అత్తా, ఈ పిల్ల భయపడుతోంది కదా" అన్నాడు. అంతకుముందు అదే సీను వాడు కనీసం ఇరవైసార్లు చూసి ఉంటాడు.

ఇక "ఏ హీరోయిన్ మొదట్లోనే ఒప్పుకుంది" అన్న మీవాళ్ల మాట. నిజమే, ఒప్పుకోదు. కథ రాసినవాడు చివర్లో ఆమె ఒప్పుకుంటుందని ముందే రాసిపెట్టుకుని, ఆ తర్వాతే మొదటి 'కాదు' రాస్తాడు. రెండున్నర గంటలు నడపాలి కదా మరి. మీ క్లాసులో అమ్మాయికి ఆ మాట ఎవరూ రాసివ్వలేదు. తనే ఆలోచించుకుని చెప్పింది. ఇంకెప్పుడూ అడగొద్దని కూడా చెప్పింది. ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు బాబూ. ఆ మాటకి ఆమెకి ఎంత ధైర్యం కావలసి వచ్చిందో నాకు తెలుసు. నేను 1986లో అంత మాట అనలేకపోయాను.

2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చినప్పుడు మా ఇంట్లోనే రెండు వర్గాలయ్యాయి. బాగా తీశారు, ఆ కుర్రాడు బాగా చేశాడు, అందులో అబద్ధం లేదు. నన్ను బాధపెట్టింది మాత్రం మొదటి గంట. హీరో క్లాసులోకి వచ్చి ఆ అమ్మాయి తనదని అందరికీ చెప్పేస్తాడు. ఆమెని అడగడు. ఆమె చాలాసేపు నోరు విప్పదు. హాల్లో ఈలలు. నా పక్క సీట్లో కాలేజీ పిల్లలు ఇద్దరు అమ్మాయిలున్నారు, వాళ్లు ఈల వెయ్యలేదు, నవ్వనూ లేదు. ఒకళ్ల చెయ్యి ఒకళ్లు పట్టుకుని కూర్చున్నారు. ఆ సినిమా తీసినవాళ్లు ఆ సీట్లో ఒక్కసారి కూర్చుని ఉంటే బాగుండేది.

సినిమాల్ని తిట్టిపొయ్యడం నా ఉద్దేశం కాదు. మా ఇంట్లో పండగంటే సినిమానే. పైగా తెర మీద మగాడు ఎప్పుడూ ఇలాగే లేడు. 1953లో 'దేవదాసు'లో నాగేశ్వరరావుగారు ఏడ్చారు, దగ్గారు, చివరికి పార్వతి ఇంటిముందు ప్రాణం వదిలారు. ఊళ్లకి ఊళ్లు బళ్లు కట్టుకెళ్లి ఆయనతోపాటు ఏడ్చొచ్చాయి. ఏడ్చే మగాడేంటని ఎవరూ అడగలేదు. తర్వాత కత్తి తిప్పేవాడొచ్చాడు, ఆ తర్వాత తొడగొట్టేవాడొచ్చాడు, సుమోలు గాల్లోకి లేపేవాడొచ్చాడు, ఇప్పుడు గడ్డం పెంచి సిగరెట్ కాల్చేవాడు నడుస్తున్నాడు. ఒకటి ఆడితే అదే అచ్చులో పది వస్తాయి. మన విశాఖలోనే తీసిన 'కేరాఫ్ కంచరపాలెం' 2018లో వచ్చింది. అందులో రాజు ఆఫీసులో అటెండరు. నలభై తొమ్మిదేళ్లొచ్చినా పెళ్లి కాలేదని ఊరంతా మాటలంటే పడతాడు. ఎవర్నీ కొట్టడు, ఎవరి మీదా అరవడు. ఆ సినిమా చూసొచ్చిన రోజు మావారు రాత్రి చాలాసేపు మాట్లాడారు. ఆయన అంత మాట్లాడటం నేను అరుదుగా చూశాను.

మా ఊరి గురజాడవారు ఇదంతా ఎప్పుడో చూసేశారనిపిస్తుంది నాకు. 'కన్యాశుల్కం'లో గిరీశం వెంకటేశం ముందు కొట్టే గొప్పలకి అంతుండదు. అదే మనిషి పూటకూళ్లమ్మ వస్తోందంటే మధురవాణి మంచం కింద దూరతాడు. గొప్పలు చెప్పేటప్పుడు ఎదురుగా శిష్యుడుంటాడు, మంచం కింద దూరినప్పుడు చూసేది ఆడది. ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టి ఒకే మనిషి ఎలా మారిపోతాడో అప్పుడే రాసి పెట్టారాయన.

చట్టం సంగతి కూడా చెప్పాలి, నువ్వు పెద్దవాడివి కాబట్టి. ఇష్టం లేదని స్పష్టంగా చెప్పాక కూడా ఒక అమ్మాయిని పదేపదే వెంబడిస్తూ మాట కలపడం, కలపాలని చూడటం నేరం. 2013లో దీన్ని ఐపీసీలో 354డి సెక్షన్‌గా చేర్చారు. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. మొదటిసారికి మూడేళ్ల దాకా జైలు, మళ్లీ చేస్తే ఐదేళ్ల దాకా.  2015లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో మనదేశం కుర్రాడొకడు ఇద్దరు ఆడవాళ్లని వెంటాడి కోర్టుకెక్కాడు. హిందీ సినిమాలు చూసి వెంటపడితే ఒప్పుకుంటారనుకున్నాడని అతని లాయరు వాదించాడు. జైలు తప్పింది గానీ, ఐదేళ్లు బుద్ధిగా ఉంటానని పూచీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ వార్త చదివినప్పుడు నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. మన సినిమా చెప్పే అబద్ధాన్ని ఒక కోర్టులో సాక్ష్యంగా నిలబెట్టారు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఆమెకి సారీ చెప్పడానికి వెళ్లకు. ఇది నీకు వింతగా అనిపించొచ్చు. సారీ చెప్పడానికి మళ్లీ ఎదురుపడాలి, మెసేజ్ పెట్టాలి, ఎవరి చేతో కబురు పంపాలి. ఆమెకి అది ఇంకోసారి వెంటపడటమే. ఆ బస్సు టైముకి నువ్వు కాలేజీలోనో ఇంట్లోనో ఉండు. నాలుగు వారాలు నువ్వు కనిపించకపోతే ఆమె చివరి పీరియడ్‌కి తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. నీ సారీ ఆమెకి అలా అందుతుంది.

రెండోది కష్టమైనది. మీవాళ్లు ఆమె కనిపిస్తే "వదినా" అని అరుస్తుంటారా? నువ్వు రాయలేదు గానీ, అరుస్తూనే ఉంటారని నా అనుమానం. మనవైపు కుర్రాళ్లకి అది అలవాటే. దాన్ని నువ్వే ఆపాలి. పక్కకి తీసుకెళ్లి మెల్లగా చెప్పడం కాదు, వాళ్లు అరిచినప్పుడే, అందరి ముందే, "ఆమె వద్దంది, అయిపోయింది, ఇక అనొద్దు" అని చెప్పు. వాళ్లు వెక్కిరిస్తారు. కొన్నాళ్లు ఆటోలో నీకు సీటుంచరు. ఉంచకపోతే బస్సెక్కు.

బాధ ఉంటుంది. కాదనిపించుకోవడం చిన్న బాధ కాదు, దాన్ని తేలిక చేసి మాట్లాడను. ఏడుపొస్తే ఏడువు. అన్నం తినబుద్ధి కాకపోయినా తిను. అది ఆమె తీర్చాల్సిన బాధ కాదన్నది మాత్రం మర్చిపోకు.

జిమ్ మానెయ్యనక్కర్లేదు. ఒంటికి మంచిదే. మనవాడు కోడి రామమూర్తి పేరు వినే ఉంటావు, శ్రీకాకుళంలో స్టేడియం ఆయన పేరు మీదే ఉంది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో చిన్నాన్నగారింట పెరిగి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న మనిషి. ఉక్కు గొలుసులు తెంపేవాడు, కదిలే కార్లని పట్టి ఆపేవాడు. మాంసం ముట్టేవాడు కాదు. అంత బలమున్న మనిషికి ఆడపిల్ల బస్సు వెనక వెళ్లాల్సిన అవసరం ఎందుకొస్తుంది చెప్పు.

అసలు విషయం ఇప్పుడు. మీ నాన్న.

నువ్వు ఉత్తరంలో ఆయన్ని ముందు రాసి, అమ్మాయిని తర్వాత రాశావు. నేను తిరగేసి చదివాను. నీకు దిగులు ఆ అమ్మాయి వల్ల మొదలవ్వలేదు, ఆ ఆటోలో మొదలైంది. మీ నాన్న గురించి ఆ కుర్రాడు అన్న మాటకి నువ్వూ నవ్వావు. ఆ నవ్వు నీకు అరగలేదు. అందుకే గడ్డం, అందుకే జిమ్, అందుకే బైక్.

తండేల్ అంటే బోటుని నడిపించే పెద్ద. సరే, పెద్దే. ఆ బోటులో ఏడెనిమిది మంది రోజుల తరబడి నీళ్ల మధ్య ఉంటే, వాళ్లని లేపి నిలబెట్టేది ఎవరు? మనవైపు జెట్టీలు సరిగా లేక, వేట గిట్టుబాటు కాక, మన జాలర్లు దేశానికి అటు చివరికి వెళ్తున్నారు. 2018 చివర్లో సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకున్న మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు 2020 జనవరికి గానీ వాఘా దగ్గర మన నేల మీద కాలు పెట్టలేదు. ఇక్కడ వాళ్ల ఆడవాళ్లు అర్జీలు పట్టుకుని నాయకుల చుట్టూ తిరిగారు. ఆ పట్టుబడ్డవాళ్లలో కూడా అన్నం వండిన మనిషి ఒకడు ఉండే ఉంటాడు. సినిమాకి ఒక్క హీరోనే కావాలి, బోటుకి అందరూ కావాలి.

ఇంకో మాట గుర్తొచ్చింది. మన హీరోలు తెర మీద పాడిన పాటల్లో చాలావాటికి ఏళ్ల తరబడి గొంతు ఘంటసాలగారిది. ఆయన సంగీతం నేర్చుకున్నది మా విజయనగరంలోనే. వారాలు చెప్పుకుని, జోలె పట్టుకుని ఇంటింటికీ మాధుకరానికి వెళ్లి ఆ అన్నంతో చదువుకున్నారు. ఏ గుమ్మంలో ఆయనకి అన్నం పెట్టారో ఆ వీధుల్లోనే నేను నడిచేదాన్ని. అన్నం అడగడంలో ఆయన పరువు పోలేదు. అన్నం వండి పెట్టే మీ నాన్న పరువు ఎలా పోతుంది?

పడమటి తీరంలో జూన్, జులై నెలల్లో వేట నిషేధం. అంటే మీ నాన్న ఏడాదిలో ఆ రెండు నెలలే మీ ఇంట్లో మనిషి. పది నెలలు పరాయి మనుషులకి వండి, ఉన్న రెండు నెలలూ మీ అమ్మకి వండి పెట్టాలనుకున్నాడు. మీ అమ్మ పది నెలలు ఒక్కతే ఉతుక్కున్న చీరలు ఆ రెండు నెలలు తను ఉతికాడు. నువ్వు పరువు పోతోందన్నావు. ఆయన మారుమాట అనకుండా దండెం మార్చుకున్నాడు. చూశావా, ఆ అమ్మాయి బస్సు మార్చుకుంది, మీ నాన్న దండెం మార్చుకున్నాడు. నీ కోసం ఇద్దరు పక్కకి తప్పుకున్నారు.

ఆయన ఒడ్డుకొచ్చిన రోజు ఇంటికి ఫోన్ చేస్తాడుగా. ఈసారి ఫోన్ అమ్మకి ఇచ్చేసి తప్పుకోకు. అడుగు. గాలి లేచిన రోజు పొయ్యి మీద గిన్నె ఎలా నిలబెడతావు నాన్నా? మంచినీళ్లు తక్కువైతే బియ్యం దేంతో కడుగుతావు? బోటులో ఎవరికైనా జ్వరమొస్తే ఏం పెడతావు? మొదటిసారి వెళ్లినప్పుడు నీ వయసెంత? ఆయన మొదట్లో "ఏటుందిరా అందులో" అని కొట్టిపారేస్తాడు. మళ్లీ అడుగు. ఇది మాత్రం ఒకసారి కాదంటే వదలాల్సింది కాదు.

జూన్‌లో వస్తాడు. దండెం మళ్లీ వీధివైపు నువ్వే కట్టు. తడి చీర ఒక్క మనిషి సరిగ్గా పిండలేడు, రెండు కొసలు ఇద్దరు పట్టుకుని చెరోవైపు మెలిపెట్టాలి. పోయిన జూన్‌లో ఆయన పెరట్లో ఒక్కడే పిండుకున్నాడు. ఈసారి రెండో కొస నువ్వు పట్టుకో.